నైరోబీ బస్సుదారి: ఒక సంవాదము

ఉగాండా రైలుమార్గమును వేయుచున్నవారు 1899లో తమ సామగ్రిని నిలువచేసికొనుటకు మజిలీగా ఎంచుకొన్న చిత్తడినేల, నూట ఇరువది యేండ్లు తిరుగునప్పటికి, 2019 జనాభా లెక్కల ప్రకారము దాదాపు 44 లక్షల జనులకు ఆవాసమై, చుట్టుపట్ల పట్టణములనుండి ప్రతి ఉదయము మరికొన్ని లక్షలమందిని లోనికి రప్పించుకొని సాయంకాలము తిరిగి పంపుచు, నేటి నైరోబీ మహానగరమైనది. ఈ రాకపోకల భారమును మోయుచున్నవి ప్రభుత్వపు బస్సులు కావు. మటాటులని పిలువబడు ప్రైవేటు బండ్లు, ఆపైన మనుష్యుల కాళ్లు. విద్యుత్తుతో నడచు బస్సులను, వాటికే ప్రత్యేకించిన దారులను ఈ నగరమునకు సమకూర్పవలెనను ప్రయత్నము ఏండ్లతరబడి సాగుచున్నది. విజయవాడలో ఆర్టీసీ డిపో మేనేజరుగా పనిచేసి విరమించి, కుమార్తె యింట కొన్నాళ్లుండుటకు నైరోబీ వచ్చిన ఒక మేనమామకును, ఆ నగరమునందే రవాణా ప్రణాళికలు వ్రాయు ఉద్యోగములోనున్న మేనల్లునికిని ఆ విషయమై జరిగిన చర్చ యిది.

మేనమామ: నాయనా, నీ పటములన్నియు చూచితిని. ఐదు మార్గములు, ఐదింటికిని ఏనుగు, సింహము, చిరుత, ఖడ్గమృగము, అడవిదున్న అని స్వాహిలీలో పేర్లు. ఈ పనికొరకే 2017లో నమాటా అను సంస్థను స్థాపించిరంటివి. ఆ మరుసటియేడు థీకా రోడ్డుమీద ఎర్రగీత గీసి, ఈ వరుస బస్సులకు మాత్రమేయని వ్రాసిరనియు నీవే చెప్పితివి. ఆ గీతమీదుగా కార్లు నడచినవి, లారీలు నడచినవి. ఏ బస్సుకొరకు గీచిరో ఆ బస్సు రాలేదు. మన విజయవాడలో ఇట్టి శీఘ్ర బస్సు మార్గముకొరకే వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డని చెప్పినచో ఏ ఆటోవాడైనను తిన్నగా తీసికొనిపోవును. పేరు రోడ్డుకు నిలిచినది గాని పద్ధతి నిలువలేదు. విశాఖపట్టణములో పెందుర్తి వైపునకును, సింహాచలము వైపునకును ఇదే ఉద్దేశముతో రోడ్లను వెడల్పు చేసిరి. రోడ్లు వెడల్పైనవి, బస్సు మునుపటి బస్సే. మాకు దక్కనిది వీరికి దక్కునని నీకు నమ్మకమెట్లు కలిగినది?

మేనల్లుడు: మామయ్యా, మీరు చెప్పిన ఊళ్లలోను, ఇక్కడి థీకా రోడ్డుమీదను జరిగిన పొరపాటు ఒక్కటే. దారియనునది కాంట్రాక్టరు కట్టి అప్పగించి పోవు వస్తువని తలచిరి. బస్సు ఎవరు నడపుదురు, ఎన్ని నిమిషములకొకటి వచ్చును, అడ్డుపడిన కారును ఎవరు తొలగింతురు అను ప్రశ్నలకు జవాబు లేకుండ గీత గీచినచో, ఆ గీత కొన్ని వానలకు చెరిగిపోవుటలో వింతలేదు. అయినను పద్ధతిలో దోషములేదు. శీఘ్ర బస్సు మార్గమనగా బస్సు ఎక్కువ వేగముతో పరుగెత్తుట కాదు, నిలిచియుండు కాలము తగ్గుట. స్టాపులో దిగువారు దిగి, ఎక్కువారు మెట్లెక్కి, కండక్టరు టిక్కెట్టు కొట్టి, చిల్లర వెదకి, రైటని చెప్పునంతవరకు పోవు కాలమెంతయో మీకంటె ఎరిగినవారెవరు? టిక్కెట్టు స్టేషనులోనే తీసికొని, ప్లాట్‌ఫారము బస్సునేలతో సమానమైన యెత్తున నుండి, మూడు నాలుగు తలుపులు ఒక్కసారిగా తెరచుకొన్నచో ఆ కాలము కొన్ని సెకండ్లకు దిగును. అప్పుడు నిమిషమున కొక బస్సును పంపవచ్చును. బస్సుకు 120 మంది చొప్పున గంటకు 7,200 మంది ఒక్క వరుసలో ఒక దిక్కునకు పోవుదురు. అదే వరుసను కార్లకు విడిచినచో గంటకు రెండువేలమందిని దాటించుట కూడ గగనమే.

మేనమామ: లెక్క సరియైనదే, ఆ 7,200 మంది ఉన్నప్పుడు. ఉదయము ఏడింటికి నగరములోనికి వచ్చు బస్సు క్రిక్కిరిసి యుండును. అదే బస్సు తిరుగు ట్రిప్పులో ఖాళీ సీట్లతో పోవును. మధ్యాహ్నమంతయు డ్రైవరు, కండక్టరు, పదిమంది ప్రయాణికులు. ఓఆర్, అనగా సీట్లు నిండు నిష్పత్తి, పడిపోయిన రూటును నిలబెట్టుట యెంత కష్టమో డిపోలో కూర్చున్నవానికి తెలియును. దక్షిణాఫ్రికా నగరములలో ఇట్టి మార్గములు వేసి, జనులు దూరదూరముగా నివసించుటచేతను, పొద్దుట ఒకవైపు, సాయంకాలము మరియొకవైపు మాత్రమే బస్సులు నిండుటచేతను, ఏటేట ప్రభుత్వపు సొమ్ము పోయవలసి వచ్చినదని నీవిచ్చిన నివేదికలోనే చదివితిని.

మేనల్లుడు: జొహానెస్‌బర్గు, కేప్‌టౌనులు వేరు, నైరోబీ వేరు. ఆ నగరములను వర్ణవివక్ష ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా చీల్చి, నల్లజాతివారిని పదుల కిలోమీటర్ల దూరములోనున్న టౌన్‌షిప్పులకు తరిమినది, మధ్యనంతయు ఖాళీ. ఇక్కడ థీకా రోడ్డు పొడవునను, డాండోరా వైపునను, నడుమ తెగకుండ అయిదారంతస్తుల ఇండ్లు, వాటి క్రింద దుకాణములు, వాటి ముందర సంతలు. దారిలో ప్రతి స్టేషనులోను దిగువారు, ఎక్కువారు ఉందురు. ఒక్క సీటు రోజులో ఎన్నిసార్లు అమ్ముడుపోవునో దానిమీదనే కదా మీ ఈపీకే, అనగా కిలోమీటరునకు వచ్చు రాబడి, ఆధారపడియుండునది.

మేనమామ: ఆ మాట ఒప్పుకొందును. కాని ఇప్పుడు ఆ సీట్లను అమ్ముచున్నవాని సంగతి నీ నివేదికలో ఎక్కడను కనబడలేదు. మొన్న సాయంకాలము పట్టుబట్టి ఒంటరిగా పోయి, నగరము నడిబొడ్డున 45వ నంబరు మటాటు ఎక్కి గితురాయి అను శివారు దాక పోయివచ్చితిని. అమ్మాయి కోపగించుకొన్నది గాని చూడకుండ మాటాడుట నాకు అలవాటు లేదు. లోపల చెవులదరునట్టి పాట. తలుపు పట్టుకొని వ్రేలాడుచు, అరచేతితో బండి రేకును చరచుచు ఊరిపేరు కేకవేయు కండక్టరు కుర్రవాడు. బండి నిండువరకు కదలలేదు. నాలుగు చినుకులు పడినవో లేదో ఛార్జి రెట్టింపైనది. నా ప్రక్క కూర్చున్న అమ్మ కిమ్మనకుండ డబ్బు తీసియిచ్చినది. అలవాటైన వ్యవహారమని తెలిసినది. కుర్రవానిని అడిగితిని. ఉదయము బండి తీసికొనునప్పుడే సాయంకాలమునకు ఇంత కట్టవలెనని యజమాని టార్గెటు పెట్టును. డీజిలు, దారిఖర్చులు పోగా మిగిలినది డ్రైవరును, అతడును పంచుకొందురు. నిండక కదలినచో నష్టపడునది అతడు. ముందున్న బండిని దాటకున్నచో తరువాతి స్టేజిలో జనము చేజారుదురు. అందుచేత దూకుడు, అందుచేత వానకు ఛార్జి పెరుగుట. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాడు నాయనా, అతనికి పెట్టిన ఒప్పందము చెడ్డది. మా డ్రైవరునకు బస్సు నిండినను నిండకున్నను జీతము వచ్చును గనుక నిదానముగా నడపెడివాడు.

మేనల్లుడు: మీరు నా పక్షమునే బలపరచుచున్నారు. టార్గెటు పద్ధతి ఉన్నంతకాలము ఎన్ని శాసనములు చేసినను ఫలితము కొద్దికాలమే. 2004లో రవాణామంత్రి మిచూకి కఠిన నియమములు తెచ్చి, ప్రతి సీటుకు బెల్టు, ప్రతి బండికి వేగనియంత్రణ యంత్రము, ప్రక్కల పసుపుగీత పెట్టించెను. కొన్నాళ్లు మార్పు కనబడినది, తరువాత సడలినది. 2014లో నగదు వలదు, కార్డుతోనే ఛార్జి చెల్లింపవలెననిరి. చేతితో మొబైలు డబ్బు పంపుకొనుట లోకమునకు నేర్పిన దేశమున ఆ ప్రయత్నము విఫలమైనది. నగదు చేతిలో లేకున్నచో డ్రైవరునకును కండక్టరునకును ఆనాటి బ్రతుకు గడువదు గనుక.

మేనమామ: నీ పక్షము కాదు. నేను చెప్పవచ్చినదేమనగా, 1973లో అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ఆ బండ్లకు లైసెన్సు నిబంధన సడలించి చట్టబద్ధత కల్పించిననాటినుండి ప్రభుత్వము ఒక్క షిల్లింగు పెట్టకుండనే ఈ నగరమును వారు మోసిరి. ఆ మోసినవారిని రోడ్డుప్రక్కకు నెట్టి, పరదేశపు అప్పుతో పరదేశపు బస్సు తెచ్చుటను అభివృద్ధియని నేను పిలువలేను. పొరుగున అడిస్ అబాబా చూడుము. 2015లో చైనా అప్పుతో విద్యుత్ రైలు వేసిరి, ఆఫ్రికాలో ఆదర్శమనిరి. విడిభాగములు దొరకక, మరమ్మతు సాగక, కొన్నియేండ్లకే 41 రైళ్లలో ఎక్కువభాగము షెడ్డులో నిలిచిపోయినవి. స్పేరు లేని బండి ఎంత క్రొత్తదైనను తుక్కుతో సమానము. పైగా ఈ దేశములో 2023 ఆగస్టులో దేశమంతట కరెంటు పోయి విమానాశ్రయము కూడ చీకటిలో మునిగినది. డీజిలుబస్సుకు ట్యాంకులో చమురుండును. నీ బస్సుకు ఏముండును?

మేనల్లుడు: విద్యుత్తు విషయమున మాత్రము మీ భయము ఎక్కువ, కారణము తక్కువ. నూరు బస్సులు రోజుకు రెండువందల కిలోమీటర్లు తిరిగి, కిలోమీటరునకు యూనిట్టున్నర ఖర్చుచేసినవనుకొనుడు. అది 30,000 యూనిట్లు. రాత్రి ఆరుగంటలలో ఎక్కింపవలెనన్నచో అయిదు మెగావాట్లు చాలును. నైవాషా సరస్సు దాపున ఓల్కారియాలో భూగర్భపు ఆవిరితో 1981నుండి విద్యుత్తు తీయుచున్నారు. దేశమునందలి భూతాప కేంద్రముల సామర్థ్యము నేడు తొమ్మిదివందల మెగావాట్లకు మించినది. ఆ ఆవిరికి రాత్రి పగలు లేదు, నగరము నిద్రించును గాని భూమి నిద్రింపదు. అర్ధరాత్రి వాడుకొనువారు లేక కొంత ఆవిరిని గాలిలోనికి వదలివేయుచున్నారు. ఆ వృథాయగుదానిని బస్సు బ్యాటరీలో నింపుకొనుటకంటె ఉచితమైన వినియోగమేమి కలదు? అందుకే 2023లో విద్యుద్వాహనములకు వేరు ధర నిర్ణయించి, రాత్రివేళ సగమునకే ఇచ్చుచున్నారు. డీజిలు చుక్కచుక్కయు మొంబాసా రేవులో డాలర్లకు కొనవలసినదే. ఇక్కడి చల్లని వాతావరణము బ్యాటరీకి అనుకూలము. తిరుపతి యెండలో విద్యుత్ బస్సులు నడచుచున్నప్పుడు ఇక్కడ నడచుటకు అభ్యంతరముండదు. కరెంటు ఒక పూట పోయినను, రాత్రి నింపుకొన్న బ్యాటరీ ఆ పూటకు సరిపోవును.

మేనమామ: మంచిది, కరెంటు సంగతి విడిచితిని. డిపో ఎక్కడ కట్టెదరు?

మేనల్లుడు: ఆ ప్రశ్న అడుగువారు అరుదు. దారెస్సలాములో 2016లో దాదాపు 21 కిలోమీటర్ల మార్గము తెరచిరి. ఎంతో బాగుగా ఆలోచించిన పద్ధతి, ప్రపంచమంతయు మెచ్చుకొన్నది. కాని డిపోను జాంగ్వానీ అను పల్లములో, నది పొంగు భూమిలో పెట్టిరి. 2018 వానలకు డిపో మునిగి, బస్సులు నీళ్లపాలైనవి. ఆ ముంపు తరువాతను మరల మరల వచ్చినది. అవి డీజిలు బస్సులు. విద్యుత్ డిపోలో ట్రాన్స్‌ఫార్మర్లు, ఛార్జర్లు నేలమీద నుండును. అచట నీరు చేరుట మరింత ప్రమాదము. పైగా ఈ నగరపు తూర్పు, దక్షిణ భాగములు నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలువారు ఆ నేలను గుంటూరు రైతునకు వర్ణించి చెప్పవలసిన పనిలేదు. బ్యాటరీ బరువుతో కలిసి జంట బస్సు నిమిషమునకొకటి ఒకే చాలులో పోవుచుండ, తారురోడ్డు ఆ నేలమీద నిలువదు. రేగడిని తవ్వి తీసివేసి, గట్టి మట్టి నింపి, కాంక్రీటు పోయవలెను. ప్రణాళికలో బస్సు బొమ్మకంటె ముందు ఈ రెండును ఉండవలెనని నా పట్టుదల.

మేనమామ: ఇప్పుడు నీవు నా మేనల్లునివలె మాటాడితివి. ఇక నా ప్రతిపాదన వినుము. బ్యాటరీ ఖరీదును బస్సు ఖరీదునుండి విడదీసి, బస్సును అమ్మి, బ్యాటరీకి, ఛార్జింగుకు కిలోమీటరునకు ఇంతయని తీసికొను కంపెనీ ఒకటి ఈ ఊరిలో 2022నుండి మటాటు యజమానులకే చిన్న విద్యుత్ బస్సులిచ్చుచున్నదంటివి. యజమాని పెద్ద అప్పు చేయనక్కరలేదు, మరమ్మతు బాధ తగ్గును, పొగ ఉండదు. ఈ పద్ధతినే పెంచుకొనిపోయినచో వందలకోట్ల దారి యెందుకు? ఉన్న బండ్లు ఒక్కటొక్కటిగా మారును, ఉన్నవారి బ్రతుకు చెడదు.

మేనల్లుడు: అది మంచిపని, జరుగనిండు. కాని సాయంకాలము ట్రాఫిక్కులో డీజిలు మటాటు ఎక్కడ నిలిచిపోవునో విద్యుత్ మటాటును అక్కడనే నిలిచిపోవును. ప్రయాణికురాలు ఇల్లు చేరు వేళ మారదు. మారవలెనన్న దారి కావలెను. దారి ఇప్పుడు దక్కించుకొనకున్నచో తరువాత దొరకదు. మొదటి మార్గమునకు తలచిన మొంబాసా రోడ్డు, వాయాకీ మార్గముల వెంబడియే 27 కిలోమీటర్ల టోలు వంతెన లేచి 2022లో తెరచుకొన్నది. సుంకము చెల్లింపగల కారుకు ఆకాశములో దారి దొరికినది. బస్సు ఇంకను నేలమీద ఎదురుచూచుచున్నది. డకారు నగరము ఇందుకు భిన్నముగా నడచినది. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఇరుకైన ద్వీపకల్పము. రోడ్డుకు స్థలము నైరోబీకంటె తక్కువ. అయినను 18 కిలోమీటర్లకు పైగా దారిని బస్సులకే వేరుచేసి, 23 స్టేషన్లు కట్టి, 121 విద్యుత్ బస్సులతో 2024లో నడిపించిరి. ముందున్న బస్సును దాటుటకు స్టేషన్ల వద్ద అదనపు వరుస కూడ విడిచిరి. అంతకు ఇరువదియేండ్ల ముందునుండియే పాత బండ్ల యజమానులను సంఘములుగా కూర్చి, అప్పులిప్పించి, మినీబస్సులకు మార్చుచు వచ్చిరి. వాటిలో మన టాటాబస్సులే అనేకము. లేగోసులో 2008లో 22 కిలోమీటర్ల దారి తక్కువ ఖర్చుతో వేసినప్పుడు రవాణా కార్మికుల సహకార సంఘమునకే బస్సులు అప్పగించిరి. జొహానెస్‌బర్గులో 313 మంది టాక్సీ యజమానులు తమ 585 బండ్లను విడిచి బస్సు కంపెనీలో వాటాదారులైరి. కావున దారియన్నచో పాతవారిని నెట్టివేయుటయని అర్థము కాదు.

మేనమామ: వాటాదారులైనది యజమానులు. తలుపు పట్టుకొని వ్రేలాడిన పిల్లవాడు ఏమైనాడు?

మేనల్లుడు: కొందరు డ్రైవర్లైరి, కొందరు స్టేషన్లలో పనిచేయుచున్నారు. అందరికిని దొరకలేదు.

మేనమామ: అదియే నా బాధ. ఇంకొకటి. గితురాయిలో దిగి చూచితిని. స్టేజిప్రక్కన గోనెపట్టామీద టమాటాలు, ఉల్లిపాయలు వాటాలు పెట్టి కూర్చున్న ఆడవారు బారులుతీరి యున్నారు. బస్సు దిగినవారే వారి గిరాకీ. నీ స్టేషను ఎనిమిది వరుసల రోడ్డు నడుమకు పోయినచో జనము అక్కడ దిగి వంతెన యెక్కి ఎటో పోవుదురు. వారి సంగతి యెవరు చూచిరి? ఈ నగరపు ప్రయాణములలో పదింట నాలుగు కాలినడకవేనని నీవే వ్రాసితివి. మరి నడచువానికి నీ పటములో గీత యేది? ఒక స్త్రీ తలమీద మూటతో ఇప్పుడున్న కాలివంతెనవద్దకు పోక, కార్ల నడుమనుండి పరుగెత్తుట నా కన్నులార చూచితిని. వంతెన ఆమెకు చాల దూరము.

మేనల్లుడు: ఇక్కడ మీరు చెప్పినది శిరసావహించెదను. స్టేషనుకు నేలమీదనే, సిగ్నలుతో, రెండువైపులనుండి దాటు దారి ఉండవలెను. రోడ్డు వేగము అక్కడ తగ్గవలెను. ఇంజనీర్లు ఒప్పుకొనరు, కారుల ప్రవాహము ఆగునందురు. ఆగవలెను. స్టేషనుకు దారితీయు కాలిబాట ప్రక్కనే అమ్ముకొనువారికి నీడయు, నీళ్లును గల స్థలము అదే కాంట్రాక్టులో చేర్చవలెను; తరువాత చూతమన్నచో ఎవరును చూడరు.

మేనమామ: అట్లైన ఇక ఒప్పందము సంగతి. మా సంస్థలో అద్దెబస్సులు నడచెడివి. బస్సు ప్రైవేటు యజమానిది, డ్రైవరును అతడే పెట్టును; కండక్టరు మావాడు, కలెక్షను మాది. యజమానికి తిరిగిన కిలోమీటరునకు ఇంతయని చెల్లింతుము. బస్సు నిండినదా లేదా యనునది అతని తలనొప్పి కాదు గనుక పోటీపరుగు లేదు. మటాటు సంఘములకు ఇదే పద్ధతి పెట్టుడు. టార్గెటు అనునది ఆనాడే చచ్చును.

మేనల్లుడు: ప్రణాళిక ఆలోచనయు అదియే. కాని కిలోమీటరు చొప్పున చెల్లించునప్పుడు జనము రాకున్న నష్టము ప్రభుత్వమునకు వచ్చును. ఖజానాలో డబ్బులేనినాడు బిల్లులు ఆగును. రెండు నెలలు బిల్లాగినచో యజమాని బస్సును ఆపును.

మేనమామ: ఆగును. నేను చూచితిని. కావున స్టేషన్లలో వసూలైన సొమ్ము ఖజానాకు పోకుండ వేరు ఖాతాలో పడి, దానినుండి మొదట బస్సువారి బిల్లు, తరువాతనే మిగిలినవి చెల్లవలెను. ఇది ఒప్పందములో వ్రాయవలెను. మరియొకటి. దారి కట్టుటకు టెండరు పిలువకముందే ఆ రూటు సంఘములతో సంతకములు కావలెను. మీరు దారి మొదట కట్టి, మనుష్యులను తరువాత పిలుచుచున్నారు.

మేనల్లుడు: అక్కడ మీతో ఏకీభవింపను. దారి వచ్చునో రాదో తెలియనప్పుడు సంతకము చేయువాడు లేడు; పరిహారము వచ్చునని తెలిసినచో రూటులో లేని బండ్లు కూడ వరుసకట్టును.

మేనమామ: అందుకు ఒక తేదీ నిర్ణయించి ఆనాటికి తిరుగుచున్న బండ్లను మాత్రమే రిజిస్టరులో ఎక్కింపుము. 2014లో విశ్వవిద్యాలయపు విద్యార్థులు చేత ఫోనులు పట్టుకొని మటాటులెక్కి నగరపు రూటులన్నింటికి పటము తయారుచేసిరని నీవే గర్వముగా చూపించితివి. రూటు కనుగొన్నవారు బండ్లను లెక్కింపలేరా?

మేనల్లుడు: లెక్కింపగలరు. తేదీ విషయము ఒప్పుకొంటిని. కాని టెండరును దానికొరకు ఆపను; రెండును ఒక్కమారు నడిపింతుము.

మేనమామ: ఒక్కమారు నడిపించినచో ఒకటి వెనుకబడును, వెనుకబడునది ఏదో నాకు తెలియును. సరే, నీ యిష్టము. కాని ఆ రిజిస్టరులో బండి నంబరు, యజమాని పేరు రెండే గడులు పెట్టితివి. డ్రైవరు పేరునకొకటి, కండక్టరు పేరునకొకటి, వారెన్నాళ్లుగా ఆ రూటులో నున్నారో దానికొకటి, ఇంకను మూడు గడులు గీయుము. క్రొత్త బస్సులకు మనుష్యులను తీసికొనునప్పుడు ఆ వరుసనుండియే పిలువవలెనని క్రింద వ్రాయుము.